ఊకొట్టడం రాని యంత్రం

నేను ఒక టేపు రికార్డరును. 1984 ఆగస్టు 12, ఆదివారం. ఆ పొద్దున బొబ్బిలి దగ్గర ఒక ఇంట్లో అందరూ అల్లం పచ్చడితో పెసరట్లు తిన్నారు. నాకు నాలుగు కొత్త బ్యాటరీలు పెట్టారు. ఎవరి ఫలహారం వాళ్లది.

నేను పుట్టింది జపానులో. ఓడెక్కి విశాఖపట్నం రేవులో దిగాను. నా మొదటి యజమాని కూతురి పెళ్లిలో మేళం రికార్డు చేయమని నన్ను ఒక మూల పెట్టి మరిచిపోయాడు. నా పక్కనే వంటవాళ్లు పులిహోరలో ఉప్పు గురించి తగువు పెట్టుకున్నారు. నాకు దొరికింది నేను పట్టుకున్నాను. మంగళవాద్యాలకు బదులు ఆ తిట్లు విన్నాక ఆయన నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. అలా ఒక కాలేజీ ఇంగ్లీషు శాఖకు చేరాను.

ఆ శాఖకు అధిపతి సోమయాజులు గారు. మంచివారే కానీ, అచ్చయితే తప్ప దేన్నీ నమ్మేవారు కాదు. ఇందుమతి ఆయన దగ్గర ఎం.ఫిల్. చేస్తోంది. తొలినాటి అమెరికన్ కథలకు జానపదుల నోటికథలే వేళ్లని ఆ పిల్ల వాదన. ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్న దెయ్యాలు, వేటగాళ్లు చలిమంట దగ్గర కోసిన కోతలు, ఆఫ్రికా నుంచి బలవంతాన తెచ్చినవాళ్లు గుండెల్లో దాచుకున్న జంతువుల కథలు. ఏడాదిగా అదే చదువు, అదే ధ్యాస.

"వేళ్లంటున్నావు, బాగానే ఉంది," అన్నారు సోమయాజులు గారు. "నోటికథ కాగితమెక్కిందనడానికి ఆ కథల్లోనే గుర్తేదమ్మా? సోమవారం సెమినార్లో చూపించు. చూపించలేకపోతే విషయం మార్చుకో."

నోటికథ ఎలా నడుస్తుందో గమనించడానికి ఇందుమతి వాళ్ల మామ్మ సన్యాసమ్మ చెప్పే కథ రికార్డు చేస్తానంది. ఆయన నన్ను ఆ పిల్ల చేతికిస్తూ ఒక జాగ్రత్త చెప్పారు. "నువ్వు మాత్రం కిక్కురుమనకూడదు. టేపు శుభ్రంగా ఉండాలి."

ఆ ఆదివారం పెసరట్ల తర్వాత మామ్మ కథ మొదలుపెట్టింది. ఉప్పు వర్తకుడొకడు బస్తా మోయలేక దారిలో చతికిలబడ్డాడు. "నీ ఆకలి నాకిచ్చీ, బస్తా నాను మోస్తాను" అంది అక్కడ ఎదురైన ఒక దెయ్యం. పిసినారి కదా, తిండి ఖర్చు తప్పుతుందని ఎగిరి గంతేశాడు. అంతవరకు చెప్పి మామ్మ ఆగింది. ఇందుమతి పెదవులు బిగించుకు కూర్చుంది.

"ఏటే గుంటా, నోట్లో బెల్లం ముక్కెట్టుకున్నావేటి? ఊకొట్టవేటే?"

ఇందుమతి నోటిమీద వేలుంచి నా వైపు చూపించింది. మామ్మ నా మీదికి వంగింది. "పోనీ నువ్వైనా ఊకొట్రా బాబూ!"

నాకు అన్నీ వచ్చు, అదొక్కటే రాదు.

"గోడకి సెప్పుకోడానికి నాకేటి పిచ్చేటి? పప్పు నానెయ్యాల," అని లేవబోయింది మామ్మ. ఇందుమతి గాభరాగా కొంగు పట్టుకుని "ఊఁ" అనేసింది. ఇక కథ పరుగెత్తింది. ఊఁ అన్నప్పుడల్లా వర్తకుడు ఒక ఊరు దాటాడు. సాయంత్రం టేపు వింటే మామ్మ గొంతుతో సమానంగా తన గొంతు. టేపు పాడైపోయిందని, ఏడాది చదువు గంగలో కలిసిందని ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

సోమవారం సెమినార్లో సోమయాజులు గారు కాసేపు విని నా మీట నొక్కి ఆపేశారు. "ఈ ఊఁలేమిటమ్మా? వద్దని చెప్పానా?"

"ఊఁ అనకపోతే మామ్మ చెప్పదు సార్." అంటూనే ఆగిపోయింది ఇందుమతి. తర్వాత మాటలు తొందరతొందరగా వచ్చాయి. "ఆ పాత అమెరికన్ కథల్లోనూ అంతే కదా సార్! సత్రంలో ఒకడు కథ చెబుతుంటాడు, పక్కనే ఇంకొకడు వింటుంటాడు. మధ్యలో నమ్మనంటాడు, తర్వాతేమైందంటాడు. వాడితో కథకు పనే లేదు. అయినా ఎందుకున్నాడు? నోటితో చెప్పేవాడికి ఊకొట్టేవాడు ఎదురుగా ఉంటాడు. రాసేవాడికి ఎవరున్నారు సార్? అందుకే కాగితం మీదే ఒకణ్ణి కూర్చోబెట్టుకున్నాడు."

ఆయన నా మీట మళ్లీ నొక్కారు.

వర్తకుడు ఇల్లు చేరాడు. పెళ్లాం వేడన్నంలో నెయ్యి వేసి పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మట్టి రుచి. అక్కడ మామ్మ ఆగింది. రికార్డు చేసేటప్పుడు ఆ చోట ఇందుమతి కథ భయానికి తల మాత్రమే ఊపింది. తల ఊపడం నేను పట్టుకోలేను. టేపు ఉత్తినే తిరిగింది.

"ఊఁ," అన్నారు సోమయాజులు గారు.

"అప్పుడేటైనాదంతే..." అంటూ అందుకుంది మామ్మ. గది నవ్వుతో గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "విషయం మార్చక్కర్లేదులే," అన్నారు కిటికీ వైపు చూస్తూ.

అంతలో నా టేపు అయిపోయింది.

"తర్వాత?" అన్నారాయన.

"రికార్డయింది అంతవరకే సార్."

"టేపు గొడవ ఎవడికి కావాలి? వాడికి ఆకలి తిరిగొచ్చిందా లేదా? నువ్వు చెప్పు."

పెళ్లాం తన ఆకలిలో సగం వర్తకుడికి పంచి ఇచ్చేదాకా ఇందుమతి చెప్పింది. కుర్చీలన్నీ ముందుకు జరిగాయి, అందరూ ఊకొట్టారు. తాళం వేయడానికి వచ్చిన అటెండరు పైడిరాజు గుమ్మంలోనే ఆగి తనూ ఊకొట్టాడు. పట్టుకోవలసిన పని లేకుండా నేనొక కథ వినడం అదే మొదలు. ఖాళీగా ఉండడం ఇంత హాయని నాకెవరూ చెప్పలేదు.

అందరూ వెళ్లాక పైడిరాజు నన్ను బీరువాలో పెట్టాడు. లైటు ఆర్పాడు. "పాపం, ఆడి పెళ్లాం ఎంత మంచిదో," అనుకుంటూ బయటికి నడిచి, తలుపు మెల్లగా దగ్గరకు లాగాడు.