మొదటి వాయి

రూబీ నోట్లో వేసుకున్న పకోడీ ముక్కను చంద్రమౌళి కక్కించాడు. అప్పుడు నేను పక్క పొయ్యి దగ్గరే ఉన్నాను. ఎవరో చెప్పగా విన్నది కాదు, కళ్ళారా చూసినది చెబుతున్నాను. నా పేరు ఎస్తేరు.

నందిగామ దాటాక హైవే పక్కన కొత్తగా కట్టిన ఫుట్‌బాల్ స్టేడియం అది. మ్యాచ్‌లు జరిగే రోజుల్లో లోపల తిండి, కూల్‌డ్రింకులు, మంచినీళ్ళు అమ్ముకునే కాంట్రాక్టు చంద్రమౌళిది. అతనికి వత్సవాయి వైపు పత్తి చేలున్నాయి. జగ్గయ్యపేటలో కల్యాణ మండపం ఉంది. ఆ చేలల్లో పత్తి తీసేదీ మేమే, ఆ మండపంలో గిన్నెలు తోమేదీ మేమే. ఇప్పుడు స్టేడియంలో పకోడీలు వేసేదీ మేమే అయ్యాం. మా పల్లె ఆడవాళ్ళను ట్రాలీ ఆటోలో కుక్కి తెచ్చి, గ్యాలరీ కింద రేకుల షెడ్డులో దించేవాడు. షెడ్డుకూ కౌంటర్‌కూ మధ్య ఒక తెర కట్టించాడు. కౌంటర్ దగ్గర తెల్ల చొక్కాలు తొడిగిన వేరే మనుషుల్ని నిలబెట్టాడు. మా చేతి వంట జనం తినొచ్చట, మా మొహాలు మాత్రం వాళ్ళ కంట పడకూడదట. దానికి అతను పెట్టుకున్న పేరు శుభ్రత.

గ్యాలరీలో కుళాయిలున్నాయి. వాటికి గోనెపట్టాలు చుట్టి తాళ్ళతో బిగించి కట్టించాడు. మా వైపు ఎండలకు రాళ్ళు కూడా దాహమంటాయి. కుళాయి పారితే సీసా ఎవడు కొంటాడు?

మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళి వంటైనా, చర్చి విందైనా, మొదటి వాయి మూకుట్లోంచి దిగగానే వండిన మనిషి అందులోంచి ఒక ముక్క తీసి తన నోట్లో వేసుకుంటుంది. సరుకు మంచిదో కాదో ముందు తన ఒంటి మీదే తేల్చుకుంటుంది. పదిమందికి పెట్టడం ఆ తర్వాతే. చంద్రమౌళి దృష్టిలో అది దొంగతనం. "పొయ్యి దగ్గర నోరాడితే గేటు అవతలే" అని మొదటి రోజే చెప్పాడు.

ఆ వారం ఒక మ్యాచ్ గాలివానకు ఆగిపోయింది. మసాలా పట్టించిన చికెనంతా డీప్ ఫ్రిజ్‌లో పెట్టించాడు. తీగలు తెగి కరెంటు పోయింది, తెల్లారినా రాలేదు. మర్నాడు మ్యాచ్‌కు అవే పెట్టెలు మా ముందు దించారు. అల్లం వెల్లుల్లి, రంగు, నిమ్మరసం దండిగా పట్టించి ఉండటంతో ముక్కుకు ఏమీ తెలియడం లేదు. అయినా రూబీకి అనుమానం వచ్చింది.

"కరెంటు లేదు గదండి. ముక్కంతా నీరు కారిపోయింది. ఒకసారి చూడండి" అంది.

"నువ్వు వంటదానివా, డాక్టరువా? వెయ్యి" అన్నాడు చంద్రమౌళి.

మొదటి వాయి దిగింది. ఊరికే అడిగితే వినడని రూబీ ఒక ముక్క నోట్లో వేసుకుంది. అతను రెండంగల్లో వచ్చి ఆమె దవడలు పట్టి నొక్కాడు.

"కక్కు. కక్కవే. తేరగా మేయడానికొచ్చావా?"

రూబీకి మా అమ్మ వయసుంటుంది. పల్లెలో ఆమె పేరు పెట్టి పిలిచేవాళ్ళే తక్కువ, అందరికీ పిన్నే. ఆ ముక్క నేల మీద పడింది. దాన్ని అతను చెప్పుకాలితో నలిపేశాడు.

అంతలో హాఫ్ టైమ్ దగ్గరపడింది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తిండి వ్యాపారమంతా ఆ కాసేపే. ఆట నడుస్తుండగా ఎవరూ కుర్చీలోంచి లేవరు. విజిల్ పడిందంటే స్టేడియం స్టేడియమంతా కౌంటర్ల మీద పడుతుంది. తెల్ల చొక్కాలు తెరలోంచి చేతులు చాచాయి. మేం వేస్తున్నాం, వాళ్ళు తీసుకుపోతున్నారు. రుచి చూసే నోరు ఒక్కటీ లేకుండా ఆ చికెన్ జనం పొట్టల్లోకి పోయింది.

పొద్దుగూకేసరికి నందిగామ ఆసుపత్రి వరండాలో కూడా మంచాలు వేశారు. కాలేజీ పిల్లలు, ఆటో వాళ్ళు, కూలీలు. చెవిటికల్లు నుంచి తన ఆటోలో జనాన్ని ఎక్కించుకుని మ్యాచ్ చూడటానికి వచ్చిన స్తెఫను బతకలేదు.

పోలీసులు చంద్రమౌళి ఇంటికి వెళ్ళారు, టీ తాగి వచ్చారు. ఆ తర్వాత మా పల్లెకు వచ్చి రూబీని జీపెక్కించారు. చంద్రమౌళి విలేకరుల ముందు ఏమన్నాడో వినండి. "వాళ్ళ చేతులకు శుభ్రం తెలీదండి. దొంగతనంగా తింటుంటే మందలించా. ఆ కక్షతో ఏదో కలిపింది." మిగిలిన చికెన్ పెట్టె ఏమైందని ఎవరూ అడగలేదు. పోలీసులు రాకముందే అది షెడ్డులోంచి మాయమైంది. ఎక్కడికి పోయిందో మాకూ తెలియదు.

రెండు రోజుల తర్వాత చంద్రమౌళి కారు మా పల్లెలోకి వచ్చింది. అతను మా పల్లె మొహం చూడటం అదే మొదలు. అద్దం సగం దించి మాట్లాడాడు.

"ఫైనల్ ఉంది. చావు జరిగిన చోటికి పేట వంటవాళ్ళు రామంటున్నారు. మీరొచ్చి పొయ్యిలు వెలిగించండి. సరుకు తాజాది తెప్పిస్తా. రూబీని హాఫ్ టైమ్‌లో మైదానంలోకి తీసుకొస్తారు. తప్పయిందని మైకులో జనానికి చెప్పమనండి. కేసు నేను చూసుకుంటా."

"రాకపోతే అండి?" అని వెస్లీ అడిగాడు. వెస్లీ కూల్‌డ్రింకుల ట్రే నెత్తిన పెట్టుకుని గ్యాలరీ మెట్లెక్కే మనిషి.

"చచ్చింది మనిషి. జైల్లోంచి ఆవిడ శవమే వస్తది" అని అద్దం ఎత్తుకున్నాడు.

చర్చి ముందు అందరం కూర్చున్నాం. రూబీ భర్త సొలొమోను కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా మనిషి బయటికొస్తే చాలు. ఒక మాట చెబితే పోయేదేముంది? మనం మాట పడటం ఇవాళ కొత్తా?" అన్నాడు.

"ఆ మాట చెబితే మన చేతులు విషమని మనమే ఒప్పుకున్నట్టు. రేపు ఏ ఇంట్లోనూ మన చేత నీళ్ళు కూడా పోయించుకోరు" అంది ఒకామె.

నాకు ఒళ్ళు మండిపోతోంది. "షెడ్డు తగలబెడదాం. గ్యాసు బండలున్నాయి, అగ్గిపెట్టె ఉంది. ఇంకేం కావాలి?" అన్నాను.

"షెడ్డు కాలితే ఆయనకి ఇన్సూరెన్సు వస్తది ఎస్తేరక్కా. మనకి జైలొస్తది" అన్నాడు వెస్లీ.

మేం ఇలా వాదించుకుంటుండగా ఒక ఆడమనిషి ఆటో దిగి సరాసరి మా మధ్యకొచ్చింది. స్తెఫను భార్య జాయిస్. చేతిలో చెప్పు ఉంది.

"మీలో ఎవరే ఆ ముక్క వేసింది? మా ఆయన మీకేం చేశాడు? వాసన రాలా మీకు? మనుషులకి పెడుతున్నామని తెలియలా? మీ నోళ్ళు కుట్టేశారా?"

ఎవరూ అడ్డుపడలేదు. ఆమె అలసిపోయేదాకా తిట్టనిచ్చాం. అప్పుడు సొలొమోను లేచి, "కుట్టలేదమ్మా. నోట్లో ఉన్నది తీయించాడు" అన్నాడు. ఫ్రిజ్ సంగతి, రూబీ అనుమానం, దవడలు నొక్కి ముక్క కక్కించిన సంగతి అంతా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు.

జాయిస్ చేతిలో చెప్పు కింద పడేసి కాలికి తొడుక్కుంది.

"అంటే ఆవిడ ఆ ముక్క మింగుంటే నా మొగుడు బతికేవాడు."

"ఆవిడ చెప్పేది. మేం పొయ్యిలు ఆపేసేవాళ్ళం" అన్నాను.

"అయితే మీరు ఫైనల్‌కి పోండి. నేనూ వస్తా. ఆవిడ నోట్లోంచి తీయించింది అతని నోట్లో పెడదాం."

"ఆ పెట్టె లేదు గదమ్మా, మాయం చేశాడు" అన్నాడు సొలొమోను.

"మన దగ్గర లేదని అతనికి తెలుసా?" అంది జాయిస్.

వెస్లీ చటుక్కున తలెత్తాడు. "క్షమాపణ మైకులో చెప్పిస్తానన్నాడు. అప్పుడు మైకు ఆయన చేతిలోనే ఉంటది" అన్నాడు. అందరికీ ఒకేసారి అర్థమైంది. సొలొమోను మాత్రం, "తేడా వస్తే నా మనిషి పోతది" అన్నాడు. చివరికి అతనే లేచి, "పోదాం పదండి. వంగి బయటికొచ్చినా నా రూబీ బతకదు" అన్నాడు.

ఫైనల్ రోజు. జగ్గయ్యపేట జట్టుకూ ఖమ్మం జట్టుకూ పోటీ. గ్యాలరీ కిక్కిరిసింది. షెడ్డులో మేం ఎప్పటిలాగే తలలు వంచుకుని పనిచేశాం. చంద్రమౌళి వచ్చి చూసి, దారికొచ్చారనుకుని తృప్తిగా వెళ్ళాడు. జాయిస్ ముసుగు కప్పుకుని నా పక్కనే శెనగపిండి కలుపుతోంది.

మొదటి వాయి దింపాం. కౌంటర్‌కు పంపలేదు. దాన్ని ఒక స్టీలు పళ్ళెంలో పోసి, పొయ్యిలన్నీ ఒక్కసారి కట్టేశాం. అప్పుడే విజిల్ పడింది.

జనం కౌంటర్ల మీదికి ఉరికారు. తెల్ల చొక్కాలు తెరలోంచి చేతులు చాచాయి. ఆ చేతుల్లో ఏమీ పడలేదు. "పకోడీలేవి?" అని గోల మొదలైంది. అదే సమయానికి మైదానం మధ్యలో మైకు గరగరలాడింది. తిండి దొరకని జనమంతా అటు తిరిగారు.

ఇద్దరు ఆడ పోలీసుల మధ్య రూబీ నిలబడి ఉంది. నాలుగు రోజుల్లోనే ముసలిదైపోయింది. చంద్రమౌళి మైకు పట్టుకున్నాడు.

"మన ఆటకు మచ్చ తెచ్చిన మనిషి ఇప్పుడు మీ అందరి ముందూ..."

మేం తెర చించేశాం. పిండి చేతులతో, మసి చీరలతో మైదానంలోకి నడిచాం. ఇన్నాళ్ళూ తమకు వండిపెట్టింది ఎవరో ఆ గ్యాలరీ మొదటిసారి చూసింది. ముందు జాయిస్, ఆమె చేతిలో పళ్ళెం. క్షమాపణకు అందరం వస్తున్నామనుకున్నాడేమో, చంద్రమౌళి నవ్వాడు కూడా.

"ఎవరు నువ్వు?" అన్నాడు జాయిస్‌ను.

"స్తెఫను పెళ్ళాన్నండి." ఆ మాట మైకులోంచి స్టేడియమంతా వినపడింది. గోల ఆగింది. "మొదటి వాయి మీకే తెచ్చా. తినండి."

"ఏంటిది?"

"చికెన్ పకోడీ. ఆ రోజు మిగిలిపోయిన పెట్టెలోది. రూబీ చేతులు మురికివి అన్నారు గదా, ఇవాళ నేనే వేశా. సరుకు మంచిదేనన్నారు గదా. తినండి."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. పళ్ళేన్ని మోచేత్తో తోసి, వెనక నిలబడ్డ తన మేనేజరు మీద విరుచుకుపడ్డాడు.

"ఆ పెట్టె చేలో పాతిపెట్టమన్నా గదరా. వీళ్ళ చేతికెట్లా వచ్చింది?"

మైకు అతని చేతిలోనే ఉంది.

గ్యాలరీలో ఎవరో కాలేజీ పిల్ల గొంతు, "తిను" అంది. ఆ పక్కవాళ్ళు అందుకున్నారు. ఆసుపత్రి మంచాల మీద నుంచి లేచి వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎందరో ఉన్నారు. తిను, తిను, తిను. సిమెంటు మెట్లు అదిరాయి.

నేను ముందుకెళ్ళి అతని దవడలు పట్టుకున్నాను. రూబీ దవడలు అతను ఎక్కడ నొక్కాడో సరిగ్గా అక్కడే నొక్కాను. జాయిస్ ముక్క తీసి నోట్లో పెట్టింది. అతను గింజుకుని, వాంతి చేసుకున్నంత పని చేసి ఊసేశాడు. ఊసేసిన ఆ ముక్కను జాయిస్ చెప్పుకాలితో నలిపేసింది. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు. మీకు కలిగితే చెవిటికల్లు వెళ్ళి జాయిస్ ఇంటి ముందు ఆగి ఉన్న ఆటో చూసి రండి.

అప్పుడు రూబీ పోలీసుల మధ్య నుంచి చెయ్యి చాచి పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుంది. అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని నింపాదిగా నమిలి మింగింది. ఎవరూ కక్కించలేదు.

"తాజా ముక్కే. ఇవాళ పొద్దున కోసిన కోడి" అంది మైకు వైపు తిరిగి. "ఉప్పు కాస్త తగ్గింది. వెయ్యనిస్తే సరిచేసేదాన్ని."

వెస్లీ గ్యాలరీలో కుళాయిల తాళ్ళు కోసేశాడు. కాలేజీ పిల్లలు దోసిళ్ళు పట్టి తాగి, ఖాళీ సీసాల్లో నీళ్ళు పట్టి కిందికి అందించారు. రెండో సగం ఆట జరగలేదు. రెండు జట్ల ఆటగాళ్ళూ వచ్చి రూబీ చుట్టూ గడ్డి మీద కూర్చున్నారు, వాళ్ళ చుట్టూ జనం కూర్చున్నారు. ఎస్సై లాఠీ పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు గానీ, ఎవరిని లేపాలో అతనికి తెలియలేదు. పెట్టె తవ్వి తీసేదాకా కదలమన్నారు. చివరికి పోలీసు జీపు పత్తి చేలకు వెళ్ళింది. దాని వెనకే మోటారు సైకిళ్ళన్నీ వెళ్ళాయి. మెరక మీద కొత్తగా తవ్విన మన్ను కిందే ఉంది ఆ పెట్టె. మూత తీయగానే ఎస్సై ముక్కు మూసుకున్నాడు.

రూబీని వదిలారు. దౌర్జన్యం కేసు పెట్టి నన్నూ జాయిస్‌నూ వెస్లీనీ లోపలేశారు. ప్రభుత్వ న్యాయం అలాగే ఉంటుంది. మనిషిని చంపినవాడు మాకంటే ముందు బెయిలు మీద బయటికొచ్చాడు.

అయితే అప్పటి నుంచి ఈ వైపు ఒకటి మారింది. పేట మండపాల్లో, నందిగామ హోటళ్ళలో, రెడ్డిగూడెం తిరునాళ్ళలో సైతం మొదటి వాయి దిగగానే వంట ఆడవాళ్ళు అందరూ చూస్తుండగానే ముక్క నోట్లో వేసుకుంటున్నారు. అడిగే మగాడు ఇంకా పుట్టలేదు.

వచ్చే టోర్నమెంటుకు బావమరిది పేరు మీద చంద్రమౌళి మళ్ళీ కాంట్రాక్టు పాడాడని నిన్ననే కబురు తెలిసింది. వెస్లీ కోపంగా వచ్చి చెప్పాడు. రూబీ మూకుడు తోముతూ వింది.

"రానీ. పొయ్యి దగ్గరికి ఎవరిని పిలుస్తాడు, మనల్నేగా" అంది. మూకుడు ఎండలో బోర్లించి చేతులు తుడుచుకుంది. "పేరు ఎవరిదైనా పెట్టుకోమను. మొదటి వాయి మాత్రం ఆయనకే."