ఎండ తగలని ఇసుక

ఇద్రీస్ చేతి గడియారం విప్పి తలుపు పక్కనున్న ప్లాస్టిక్ ట్రేలో పెట్టాడు. ముళ్లు చీకట్లో మెరిసే రకం అది, లోపలికి పనికిరాదు. దాని పక్కన ఫోను, ఆ పక్కన భార్య మదీనా బీ కట్టిచ్చిన క్యారియరు పెట్టాడు. అప్పుడు చేతులు తుడుచుకుని, సూర్యకళ దగ్గర్నుంచి నల్లగుడ్డ చుట్టిన ఇనప గొట్టం అందుకున్నాడు.

“పేరులోనే సూర్యుడ్ని ఎట్టుకొచ్చావు తల్లీ. నువ్వు బైటే ఉండు,” అన్నాడు రోజూలాగే.

సూర్యకళ నవ్వలేదు. నాలుగేళ్లుగా ఆమె చేస్తున్న రీసెర్చంతా ఆ గొట్టంలోనే ఉంది. “ఇదొక్కటే మిగిలింది బాబాయ్. ఇది తీసిన దిబ్బ గోడ మొన్న వానకి కూలిపోనాది. మళ్లీ తెద్దారన్నా లేదు.”

“తెలుసమ్మా. మూడుసార్లు తలుపు కొట్టు. నాను రమ్మంటేనే రా. పిడుగు పడినా నీ అంతట నువ్వు తియ్యకు.”

“తియ్యను. ఒట్టు.”

ఆ ఒట్టు ఊరికే పుట్టింది కాదు. చేరిన కొత్తలో ఆమె తొందరపడి తలుపు తీసింది, ఒక గొట్టం మట్టిపాలైంది. ఆ రోజు ఇద్రీస్ అరిచిన అరుపు కింది అంతస్తు దాకా వినబడింది. నిజానికి వెలుతురు చొరబడకుండా అలాంటి చీకటిగదికి రెండు తలుపులుండాలి. రెండోది ఆరేళ్లుగా కాగితాల మీదే ఉంది.

ఇద్రీస్‌కి అరవై ఒకటి. వన్‌టౌన్‌లో తండ్రి ఫొటో స్టూడియోలో ముప్ఫయ్యేళ్లు ఎర్రదీపం కింద ఫిల్ములు కడిగాడు. స్టూడియో మూతపడ్డాక, చీకట్లో చెయ్యి తొణకనివాడు కావాలంటే ఈ ల్యాబులో కాంట్రాక్టు మీద చేరాడు. చదివింది పదో తరగతే. కానీ ఇసుక వయసు ఎలా తేలుస్తారో ఎవరడిగినా చెప్పగలడు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఇసుక ఎప్పుడో ఒకనాడు మరో పొర కింద పడి ఎండకు మరుగైంది. ఆనాటి నుంచీ ప్రతి రేణువూ చుట్టూ ఉన్న మట్టిలోంచి ఏడాదికి కాస్త చొప్పున శక్తిని దాచుకుంటూ వచ్చింది. మిషన్లో పెట్టి వెలుతురు చూపిస్తే దాచుకున్నదంతా సన్నటి మెరుపుగా వదిలేస్తుంది. ఆ మెరుపును కొలిస్తే వయసు తెలుస్తుంది. అయితే మిషన్ కంటే ముందు ట్యూబులైటును చూసిందంటే, వేల ఏళ్ల లెక్క అక్కడికక్కడే చెరిగిపోతుంది.

తలుపు మూసి, ఇసుక లెక్కను చెరపని ఎర్రదీపం వేశాడు. గొట్టం రెండు చివర్లా అంగుళం మన్ను గోకి పారేశాడు. తవ్వేటప్పుడు వెలుతురు చూసిన మన్ను అది. నడిమి ఇసుకను బీకరులోకి వంచుతుండగా ఎడమ భుజం లాగింది.

పొద్దున్న మెట్ల మీదా లాగింది. గ్యాసనుకున్నాడు. వారం నుంచీ డాక్టరు దగ్గరికి వెళ్లమని మదీనా బీ పోరుతూనే ఉంది. ఈ గొట్టం అయ్యాక వెళ్తానన్నాడు.

ఈసారి నొప్పి భుజం దగ్గర ఆగలేదు. గుండె మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టయింది. చెమటకు చొక్కా తడిసింది. స్టూలు మీద కూలబడ్డాడు. భయమేసింది, ఒళ్లంతా భయమేసింది.

తలుపు మూడుసార్లు చప్పుడైంది.

రా అంటే చాలు. మనిషి వస్తుంది, నీళ్లిస్తుంది, ఆటో పిలుస్తుంది. ఇద్రీస్ నోరు తెరిచాడు. ఎదురుగా బీకరు మూత లేకుండా ఉంది. ఎవడు పెట్టాడ్రా ఈ రూలు అనుకున్నాడు. పెట్టింది తనే. నోరు మూసుకున్నాడు.

అల్యూమినియం రేకు చింపాడు. మొదటి పొర వంకరగా పడింది. విప్పి మళ్లీ చుట్టాడు. రెండో పొర చుట్టాడు. పైన నల్లగుడ్డ కట్టాడు. ముడి పడేసరికి వేళ్లు మొద్దుబారాయి. చీటీ మిగిలింది. ప్రతి పొట్లం మీదా తారీఖు, నంబరు వేసి, కింద ఒక ముక్క తెలుగులో రాయడం అతని అలవాటు. ఇంగ్లీషులో రాయమని ప్రొఫెసరు శ్రీరామ్మూర్తిగారు చెప్పిచెప్పి ఊరుకున్నారు. పెన్సిలు తీసి రాశాడు.

“రా అమ్మా,” అన్నాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

తలుపు మూడడుగుల దూరం. కాళ్లు లేవలేదు. గొట్టంతో బల్ల మీద కొడదామని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అది చేతిలోంచి జారి, నేల మీద ఖంగుమని దొర్లింది.

బయట సూర్యకళ ఆ చప్పుడు విని ఊపిరి పీల్చుకుంది. ఖాళీ గొట్టం పక్కన పెట్టాడన్నమాట, పని అయిపోవచ్చిందనుకుంది.

ఐదు నిమిషాలు చూసింది. మళ్లీ మూడుసార్లు కొట్టింది. “బాబాయ్, ఏటి సేత్తన్నావ్? రావచ్చా?” అలవాటు కొద్దీ అతని ఫోనుకి చేసింది. ఫోను ఆమె మోచేతి పక్కనే, ట్రేలో, క్యారియరును ఆనుకుని మోగింది. అది ఆగేదాకా ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడింది, తీస్తే నాలుగేళ్లు పోతాయని ఒకపక్క, తీయకపోతే ఏమవుతుందోనని ఒకపక్క. ఆ తర్వాత ఒట్టు తీసి గట్టున పెట్టి, తలుపు తోసింది.

వెలుతురు గదంతా పడింది. ఇద్రీస్ స్టూలు మీద, గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. చేతిలో పెన్సిలు అలాగే ఉంది. ఆమె పిలిచింది, కుదిపింది, కేకలు పెట్టింది. మనిషి అప్పటికే వెళ్లిపోయాడు.

జనం వచ్చి అతన్ని తీసుకుపోయాక సూర్యకళ బల్ల వైపు చూసింది. నల్లగుడ్డ పొట్లం ముడి బిగువుగా ఉంది. చీటీ మీద తారీఖు లేదు, నంబరు లేదు. వంకర పోయిన పెన్సిలు రాతలో ‘ఎండ తగలలేదు’ అని మాత్రం ఉంది.