శెన ఉన్న సింగి రొయ్య

మా అత్తగారు నూకాలమ్మ దసరా సెలవులకని యానాం నుంచి వచ్చి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో ఆవిడ నోట "బాగుంది" అన్న మాట నేను వినలేదు. వంజరం పులుసు పెడితే పీచన్నారు. రొయ్యలు వేపితే, ఉప్పునీళ్ళ సరుక్కి రుచెక్కడిదన్నారు. "పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, ఇయ్యి తినమన్నోడెవడే?" అని నన్ను నిలదీశారు. పుదుచ్చేరి సముద్రాన్ని నేనే తవ్వించినట్టు!

ఆవిడ వచ్చింది చేపల కోసమూ కాదు, మమ్మల్ని చూడ్డానికీ కాదు. మా ఆయన ఉమామహేష్ కరెంటాఫీసులో పనిచేస్తారు. యానానికి బదిలీ కావాలని ఆయన చేత దరఖాస్తు రాయించి టీవీ పక్కన పెట్టించారు. ఇక సంతకమే మిగిలింది. ఆయన తల్లికీ ఎదురు చెప్పరు, నాకూ చెప్పరు. ఎటు గాలి వీస్తే అటు. నాకేమో ఒర్లియంపేటలో ఈ అద్దె ఇల్లు, ల్యాబులో ఉద్యోగం, నా స్కూటీ, పక్కింటి అముద అక్క. ఇవన్నీ వదిలి పొమ్మంటే ఏడుపొస్తోంది. చివరికి తెగించి అడిగేశాను.

"అత్తయ్యా, ఈ ఊళ్ళో ఒక్కటంటే ఒక్కటి మీకు నచ్చేది తినిపిస్తే ఆ కాగితం చింపేస్తారా?"

"తినిపించు సూద్దాం. నేనే సింపించేత్తాను" అన్నారు, నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం హార్బరుకి బయల్దేరాం. అత్తయ్య నా వెనక స్కూటీ మీద, మా ఆయన బైకు మీద. ఉప్పళం దాటేదాకా ఆవిడ నా భుజం వదల్లేదు. హార్బరు గేటు పక్కన రేకుల కింద మణియమ్మ తొట్టిలో లాబ్‌స్టర్లు పెట్టుకుని అమ్ముతుంది. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. లాబ్‌స్టర్‌ని వీళ్ళు సింగి రొయ్య అంటారు. కొన్నది అక్కడే పొయ్యి మీద వండి పెడుతుంది కూడా.

"ఏంది పల్లవీ, అత్తని తోడుకొనొచ్చినావా? రా అక్కా, కూసో" అంది మణియమ్మ.

అత్తయ్య కూర్చోలేదు. కొంగు బిగించి తొట్టి మీదికి వంగారు. నలభై ఏళ్ళు యానాం రేవులో చేపలు బేరమాడిన మనిషి. కానీ సింగి రొయ్యని ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి ఒప్పుకుంటే ఆవిడ నూకాలమ్మ ఎలా అవుతుంది? అలవాటు కొద్దీ మొప్పల కోసం తల కింద వెతికారు. అది మీసాలు ఆడించి తోక టపటపా కొట్టింది. మా ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

ఒక్కొక్కటీ తిరగేసి చూస్తూ, అన్నిటికంటే బరువైనదాన్ని పైకెత్తారు. తోక కింద నారింజ రంగు గుడ్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అత్తయ్య మొహం వెలిగిపోయింది.

"శెన! ఒరే ఉమా, శెన ఉందిరా దీనికి! శెన పులసకున్న రుచి దేనికుంటాది? ఇదే కావాల."

నా ప్రాణం లేచొచ్చింది. గెలిచేశాం అనుకున్నాను. మణియమ్మ లేచి, ఆవిడ చేతిలోంచి దాన్ని మెల్లగా లాక్కుని బకెట్లో వేసింది.

"ఇది యాడ కలిసిందో, నేను చూడలే. గుడ్లున్నది మేం అమ్మేది లేదక్కా. మళ్ళీ సముద్రంలోకే."

"నా సేతిలోది లాక్కుంటావా? నాకు సేపలు తెలవ్వా? రెట్టింపిత్తాను, వండు!"

"పదింతలిచ్చినా వండను. మా ఆయన వలలో పడినా తిరిగి వదిలేస్తాడు. గుడ్లు కూడా తినేస్తే రేపు దేన్ని పడతాం?"

అయిపోయింది. అత్తయ్య చేతిలోంచి చేపని లాక్కున్నవాళ్ళు యానాంలో ఇంకా పుట్టలేదు. నేను మనసులోనే సామాన్లు సర్దడం మొదలుపెట్టాను. కానీ ఆవిడ అరవలేదు. బకెట్ మీదికి వంగి ఆ గుడ్ల వైపే చూశారు.

"మేం తినేశాం" అన్నారు మెల్లగా. "శెన ఉన్నదాన్నే ఏరేరి తినేశాం. నా పెళ్ళికి బుట్టలతో వచ్చిన పులస ఇప్పుడు ఏడాదికొకటి దొరికితే పండగ. ఈ మాట మాకెవులూ సెప్పలేదే!"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ ఆవిడ మీద నాకున్న కోపమంతా ఎటో పోయింది.

"నువ్వు ఎత్తినదాన్ని నువ్వే వదిలిపెట్టక్కా" అంది మణియమ్మ.

రాళ్ళ గట్టు చివరిదాకా బకెట్ నేను మోశాను. అత్తయ్య చీర తడిసిపోతున్నా రాయి మీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని నీళ్ళలోకి దించారు. అది తోక ఒక్కసారి కొట్టి రాళ్ళ సందులోకి దూరిపోయింది. "బాగా పిల్లల్ని పెట్టవే తల్లీ" అంటూ చేతులెత్తి దణ్ణం పెట్టారు.

తిరిగొచ్చేసరికి మణియమ్మ గుడ్లు లేని రెండింటిని మిరియాలూ చిన్నుల్లిపాయలూ వేసి వండేసింది. అత్తయ్య వేళ్ళతో ఒలుచుకుని తిన్నారు. డొప్పలు కూడా చీకారు. నేను ముద్ద మింగడం మానేసి ఆవిడ మొహమే చూస్తున్నాను.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఉప్పు తగ్గింది."

చచ్చాం. ఆవిడ చెయ్యి కడుక్కుని మణియమ్మ వైపు తిరిగారు.

"ఇందాకటి దాని పిల్లలు ఇంతేసి అవ్వాలంటే ఎన్నాళ్ళు పడద్ది?"

"మూడేండ్లు పట్టుతుంది అక్కా."

"ఒరే ఉమా, ఇంటికెళ్ళగానే ఆ కాయితం సింపెయ్. మూడేళ్ళు ఇక్కడే ఉండండి. దాని పిల్లల్ని నేనొచ్చి సూసుకోవాల."

మా ఆయన నా వంక చూసి నవ్వారు. పెళ్ళయ్యాక ఇంత ధైర్యంగా నవ్వడం ఇదే మొదటిసారి. నాకు సంతోషం పట్టలేక స్కూటీ తాళం రెండుసార్లు కింద పడేసుకున్నాను.

వెనక ఎక్కి కూర్చున్న అత్తయ్య, బండి కదిలాక నా చెవి దగ్గరకి వంగారు.

"బాగుందే పిల్లా. యానాంలో మాత్రం ఎవులితోనూ అనకు."