రేవతి మింగిన మాటలు

పొద్దున్నే చెంగమ్మ చెనక్కాయలూ మిరపకాయలూ వేసి ఊరిబిండి పచ్చడి నూరుతుంటే, రోట్లోంచి కూతురు రేవతి గొంతు వినిపించేది. రేవతి తిరుపతిలో, పేదింటి పిల్లలను కాలేజీ చదువుకు ఉచితంగా తయారుచేసే ఒక హాస్టల్లో ఉంది. అక్కడ ఆ పిల్ల ఏ మాట మింగినా అది వడమాలపేటలో తల్లి రోట్లో తేలేది.

ఊళ్లో దీన్నెవరూ పట్టించుకోలేదు. పక్కింటి మునిరామయ్య మాత్రం గోడ మీద నుంచి, "ఏం చెంగమ్మా, ఈ పొద్దు పాప శానా మింగినట్టుండాదే" అనేవాడు.

"పచ్చడి నూరుకోనిస్తే కదన్నా!" అని ఆమె విసుక్కునేది.

హాస్టల్లో లెక్కలకూ సైన్సుకూ ముందు జయంతి మేడం పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఈరోజు మనసెలా ఉందని ఒక్కొక్కరినీ అడిగేది. కోపమైతే కోపమనీ, భయమైతే భయమనీ చెప్పాలి. పైకి చెప్పుకున్న భయం పరీక్షలో కాళ్లకు అడ్డం పడదని ఆమె నమ్మకం. రేవతి "బాగుండాను మేడం" అని తల వంచుకునేది. మిగతాది రోలు చెప్పేది.

"బాగలేను మేడం. ఇంగ్లీషు అర్థంకాక ఏడుపొస్తాండాది. పక్కపిల్ల నా చెప్పులు సూసి నవ్వినాది."

అది వింటే చెంగమ్మ నూరడం ఆపేసేది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. చుట్టాలింట్లో అన్నానికి మొదటిసారి పిలవగానే కూర్చుంటే ఆశపోతు అంటారు, మూడోసారి పిలిచాకే కూర్చోవాలి. ఈ మర్యాద ఆమే తొడపాశం పెట్టి మరీ నేర్పింది. పిల్ల దాన్ని విస్తరి దగ్గరే వదలకుండా బడిదాకా మోసుకెళ్లింది. ఎవరేమడిగినా మూడోసారి కోసం కాచుకునేది. టీచర్లకు అంత తీరిక ఎక్కడిది?

ఎండాకాలంలో ఒక పెద్ద కాలేజీవాళ్లు హాస్టలుకు ఇంటర్వ్యూ చేయడానికి వచ్చారు. ఎంపికైతే చదువూ, బసా, తిండీ అన్నీ ఉచితం. ఎంపిక కాకపోతే రేవతి తల్లి వెంట మామిడితోటల్లో కూలికి పోవలసిందే. చెంగమ్మ ఆ రోజు పని మానుకుంది. రోలు శుభ్రంగా కడిగి దాని పక్కనే కూర్చుంది.

ఎండెక్కాక రోలు పలికింది.

"ఈ చదువు నీకెందుకు కావాలని అడిగినారు. నాకు తెలుసు. వెంటనే చెప్తే ఆశపోతు అనుకుంటారేమో. ఇంకోసారి అడిగితే చెప్తా... అయ్యో, కాగితాలు మూసేస్తాండారే!"

ఇన్నాళ్లూ చెంగమ్మ రోలు చెప్పింది వినడమే గానీ, తిరిగి ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు మోకాళ్ల మీద వంగి, రోట్లోకి తల పెట్టి అరిచింది.

"రేవతీ! రెండోసారి నేనడగతాండా. మూడోసారీ నేనే అడగతాండా. ఆ మర్యాద నేర్పింది నేనే, తీసేసేదీ నేనే. చెప్పు తల్లీ!"

రోలు మూగబోయింది. చెంగమ్మ చెవి ఆనించి చూసింది. చప్పుడు లేదు.

"ఏమైంది మా, పలకలేదే?" అన్నాడు మునిరామయ్య.

"యాడ పలకతాదన్నా? మాటలన్నీ ఆడనే, దాని నోట్లోనుంచే వస్తాండాయి." ఆమె నవ్వుతూ లేచి కొంగు దులుపుకుంది.

మధ్యాహ్నం ఫోను మోగింది.

"సీటు వచ్చింది మా! మొదట భయంగా ఉండాదని చెప్పినా. వాళ్లు నీళ్లిచ్చి, నింపాదిగా చెప్పమన్నారు. శానాసేపు మాట్లాడినా."

"నా బంగారే!" అని చెంగమ్మ మురిసిపోతుంటే అవతల రేవతి గొంతు మారింది.

"అమ్మా, నీకొకటి చెప్పాల. నీమీద నాకు కోపముండాది. ఇన్నేండ్లు నా నోరు కట్టేసినావు."

ఆ ఇంట్లో ఇంతవరకూ ఏ బిడ్డా తల్లిని అంత మాట అనలేదు. చెంగమ్మకు చురుక్కుమంది. ఆ వెనకే గర్వంగానూ అనిపించింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, పీట లాక్కుని కూర్చుంది.

"అంతా చెప్పు తల్లీ. వింటాండా."