తళతళలాడే డొల్లలు

ఎల్క్ దుప్పుల వేట మొదలవడానికి వారం ముందు వెండెల్ హోగెన్‌కు జ్ఞానోదయం అవుతుంది. ఏటా అవుతుంది. పేల్చిన తూటాల ఇత్తడి డొల్లలు ఏరుకొచ్చి, మళ్ళీ తుపాకి మందు నింపి వాడుకోవడం ఆ మోంటానా లోయలో ఇంటింటా ఉన్న పనే. మిగతావాళ్ళు చేస్తే అది పని, వెండెల్ చేస్తే శాస్త్రం. డొల్లల్ని మరలో వేసి ఎంతగా మెరుగు పెడతాడంటే, వాటిలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. మెరిసేదల్లా మంచిదేనని అతని సిద్ధాంతం.

తండ్రి పోయాక గరాజ్‌లోని పనిబల్ల వెండెల్‌కూ అక్క ఇడెల్లాకూ ఉమ్మడి ఆస్తి అయింది. డొల్లలు సిద్ధం చేయడం తమ్ముడి వంతు, మందు పోయడం అక్క వంతు. ఆ ఏడు ఆమె మందు పోయబోతూ ఆగింది. కొస వంచిన సన్నని తీగను డొల్లలోకి దించి, అడుగు నుంచి పైకి గోడ వెంట మెల్లగా లాగింది. ఒకచోట తీగ గాడిలో తట్టుకుంది. ఇంకొకటి చూసింది, అదీ అంతే. బయటవైపు కూడా అడుగుకు కాస్త ఎగువన వెంట్రుకంత గీత కనిపించింది.

"వీటి నడుములు విరిగాయిరా. నేను నింపను."

"చక్కిలిగిలి పెడితే డొల్లలు నిజం చెబుతాయా అక్కా?" అన్నాడు వెండెల్.

ఆమె ఓపిగ్గానే చెప్పింది. పేలిన ప్రతిసారీ ఇత్తడి సాగుతుంది. దాన్ని పాత కొలతకు తెచ్చే అచ్చులో పెట్టి అవసరానికి మించి నొక్కితే, మరుసటిసారి ఇంకా సాగుతుంది. మెడ దగ్గర పెరిగిన ముక్కను కత్తిరించి సంబరపడితే చాలదు, ఆ ఇత్తడి అడుగు గోడను పలచన చేసి వచ్చిందని గుర్తుంచుకోవాలి. లోపల గాడి పడ్డ డొల్ల చెత్తబుట్టకే. ఇంతకీ వీటిని ఎన్నిసార్లు నింపావని అడిగింది. సరిపడా అని జవాబిచ్చాడు శాస్త్రవేత్త. అక్క కాదనడంతో తానే మందు నింపుకున్నాడు. పొరుగింటి ఓరిన్ మాకికి కూడా ఒక పెట్టెడు బహుమతిగా ఇచ్చి వచ్చాడు, దానగుణం కొద్దీ.

శనివారం తుపాకుల గురి సరిచూసుకునే మైదానంలో నలుగురిని పోగేసి, మెరుగు పెట్టడంలోని మర్మాలు బోధిస్తూ వెండెల్ రైఫిల్ పేల్చాడు. మోత తేడాగా వచ్చింది. తుపాకి వెనక నుంచి వేడిగాలి ఎగదన్ని అతని మొహాన్ని కొట్టింది. చెంపలో ఇత్తడి రవ్వలు దిగాయి, కళ్ళద్దాలు మసకబారాయి. అద్దాలు లేనిదే అక్కడ కాల్చనివ్వరు గనక కళ్ళు దక్కాయి. ఆ నిబంధన పిరికివాళ్ళ కోసమని అంతకు ముందే సెలవిచ్చాడు.

తుపాకి వెనక గడియ లాగితే డొల్ల అడుగు ఒక్కటే బయటికి వచ్చింది, మిగతాది గొట్టంలో ఇరుక్కుపోయింది. వెండెల్ మొదట తుపాకిని తప్పుపట్టాడు, తర్వాత ఇత్తడిని, ఆ తర్వాత చలిని. తప్పుపట్టడానికి ఇంకేవీ మిగల్లేదు. మోత విని పరిగెత్తుకొచ్చిన ఇడెల్లా తడిగుడ్డతో అతని చెంప తుడిచింది.

"ఈ మొహం అసలే అంతంతమాత్రం. ఉన్నదీ పోగొట్టుకుంటావా?" అంది. చెంపలో దిగిన ఇత్తడి రవ్వనొకటి గోటితో తీసి అతని అరచేతిలో పెట్టింది. అప్పుడు గుర్తొచ్చాడు ఓరిన్.

కట్టు కూడా కట్టించుకోకుండా బండి తీశాడు. ఓరిన్ వాకిట్లో తుపాకి తుడుచుకుంటున్నాడు. ఇంత అందమైన తూటాలు జన్మలో చూడలేదనీ, రేపు పొద్దున్నే మనవరాలితో కాల్పించబోతున్నాననీ చెప్పాడు. వెండెల్ జీవితంలో ఎన్నడూ పలకని మాట పలికాడు.

"అవి పాడైనవి ఓరిన్. నేను సరిగ్గా చూడలేదు. ఇచ్చెయ్."

"నువ్వు సరిగ్గా చూడలేదా? ఎవరు చెప్పారు?"

"మా అక్క."

ఓరిన్ అతని చెంపకేసి చూశాడు, లోపలికెళ్ళి పెట్టె తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చి అక్కాతమ్ముళ్ళు ఆ తూటాలన్నీ జాగ్రత్తగా విప్పారు. ఖాళీ డొల్లల్ని, ఎవరూ ఏరుకుని మళ్ళీ వాడకుండా, వెండెల్ పటకారుతో నొక్కి చదును చేశాడు. వేట మొదలైన రోజు అతని రైఫిల్ మరమ్మతులో ఉంది. అందుకని అక్క వెనకే ఆమె తిండి సంచి మోస్తూ కొండెక్కాడు. దారి పొడుగునా ఏ దుప్పిని ఎలా కొట్టాలో ఆమెకు సలహాలిచ్చాడు.