మగధ ఎత్తు రాలేదు

లారీ కాటా మీదికి ఎక్కుతుండగానే పట్టాభి ఫోను తీసి చూసుకున్నాడు. మగధ కదల్లేదు. బరువు చూసి, చీటీ చించి డ్రైవరు చేతిలో పెట్టి మళ్లీ చూశాడు. ఊహూఁ.

బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ రేవులో కాటా గుమాస్తా పట్టాభి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బొజ్జ ఉంది, బట్టతల ఉంది, దారం కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్లజోడు ఉంది. తండ్రి సోంపేట నుంచి వచ్చి ఈ రేవులోనే మూటలు మోశాడు. కొడుకు వాటిని తూస్తున్నాడు. ఫోనులో మాత్రం ఆయన కళింగాధిపతి. ప్రాచీన రాజ్యాల ఆట ఒకటి పట్టుకుని, అందులో ఇచ్చే పతకాలన్నీ ఏరుకుంటూ వచ్చాడు. కోట కడితే పతకం, కరువు గట్టెక్కితే పతకం, ఆఖరికి సొంత ఓడ ముంచుకున్నా ఒక పతకం. ఇక మిగిలింది ఒక్కటే. కంప్యూటరు కాదు, ఎదుట మనిషే ఆడుతున్న మగధ మీద కళింగను గెలిపించాలి.

ఆ మగధ ఊరికి ఆ చివర, న్యూ టౌన్‌లో ఉంది. పేరు రామలింగేశ్వరరావు, బ్యాంకు ఆఫీసరుగా రిటైరయ్యారు. మౌర్యుల గుర్రాలకు ఆ కాలంలో లేని రికాబులు తగిలించారేమిటని ఆట తయారుచేసినవాళ్లను ఇద్దరూ ఒకేసారి దులిపేశారు; అక్కడ కలిసింది స్నేహం. ఊరు ఒకటే అయినా ఒకరి మొహం ఒకరు చూడలేదు. రాజు రాజింటికి తనంతట తాను ఎలా వెళతాడని ఇద్దరికీ పంతం. కబుర్లన్నీ వాయిస్ మెసేజీల్లోనే.

రావుగారు ఓడరు. ప్రతిసారీ కళింగను చిత్తుగా ఓడించి, ఆపైన "పశ్చాత్తాపపడుతున్నానయ్యా" అని మెసేజీ పెడతారు. ఆ మాటకే పట్టాభికి ఒళ్లు మండుతుంది. ఇంకెవరితోనైనా ఆడి పతకం కొట్టేయొచ్చు. కానీ అశోకుడి గురించి పట్టుమని రెండు ముక్కలు తెలియనివాణ్ణి గెలిస్తే అదేం గెలుపు?

ఈసారి కళింగ గట్టిగా నిలబడింది. సాయంత్రంలోగా మగధ ఎత్తు వేయకపోతే గడువు దాటిపోతుంది.

"ఏటి మహారాజా, పడుకున్నారేటి?" అని పొద్దున పంపాడు. జవాబు లేదు. భోజనాల వేళ, "పాటలీపుత్రంలో కరెంటు పోయిందేటండీ?" అని పంపాడు.

పక్క కుర్చీలోని అభిజిత్ టిఫిను డబ్బా మూస్తూ, "పట్టాభి దాదా, మీ శత్రువు భయపడ్డాడు," అన్నాడు బెంగాలీలో.

పట్టాభికి రోషం వచ్చింది. "ఆయనా? ఆయన భయపడే రకం కాదు. అలిగుంటారు," అన్నాడు.

టీ తాగుతూ మళ్లీ ఫోను ఎత్తాడు. "పశ్చాత్తాపం ముందే పట్టుకుందేటండీ?" అని పంపి, తన హాస్యానికి తనే కడుపుబ్బ నవ్వుకున్నాడు. ఆ నవ్వులో ఒక లారీని తూచకుండానే పంపేశాడు. వెనక్కి పిలిచి డ్రైవరు చేత తిట్లు తిన్నాడు.

ఇంటికెళ్లే బస్సులో ఉండగా గడువు దాటింది. తెర మీద రెండు గళ్లు వెలిగాయి. ఒకదాని మీద 'గెలుపు తీసుకో', రెండోదాని మీద 'గడువు ఇవ్వు'. పట్టాభికి బస్సంతా మిఠాయిలు పంచాలనిపించింది. గెలుపు మీద వేలు పెట్టబోతుండగా రావుగారి పేరుతో మెసేజీ వచ్చింది. విన్నాడు. ఆడగొంతు.

"అంకుల్, నేను సుజనని, రావుగారి అమ్మాయిని. నాన్న నిన్న పొద్దున పోయారండీ. మీ మెసేజీలు ఇప్పుడే విన్నాను. హాస్పిటల్లో ఒకటే గొడవ. పోయేముందు నాన్న, తను ఆడలేకపోతే అది ఓడినట్టు కాదని పట్టాభికి చెప్పమన్నారు. ఏం ఆటో నాకు తెలీదంకుల్. చెప్పమన్నారు, చెప్తున్నా."

పట్టాభికి ముందు నవ్వొచ్చింది. చావు ముంగిట కూడా ఏం మొండితనం! ఆ నవ్వే ఏడుపైంది. పక్కనున్నాయన కిటికీ వైపు జరిగి చోటిచ్చాడు. తన వెటకారాలన్నీ ఆ పిల్ల విన్నదని తలుచుకుని పట్టాభి సిగ్గుతో తల వంచుకున్నాడు.

"మీరు ఓడిపోనేదండీ," అన్నాడు ఫోనుతో, మెల్లగా. పతకం చేజారుతుందని తెలుసు. రేపు సాయంత్రం మళ్లీ ఇదే పని చేయాల్సి వస్తుందనీ తెలుసు. 'గడువు ఇవ్వు' అన్నదాన్నే నొక్కాడు.

పటం మళ్లీ తెరుచుకుంది. ఏటికి అవతల, ముందు కాళ్లు నీళ్లలో పెట్టి, మగధ ఏనుగు ఒకటి నిలబడి ఉంది.