మాంగ్ సెతో ఒడ్డెక్కిన రోజు

నాలుగో హంస పడవలో చేరిన వాననీళ్ళను డబ్బాతో తోడిపోసి, మాంగ్ సెతో, అంటే మా సెతో పెద్దాయన, నడుం పట్టుకుని లేచాడు. ఒక్కో తొక్కుడు పడవ దగ్గరా ఆగి పెడళ్ళు చేత్తో తిప్పి చూశాడు, చుక్కాని కదిపి చూశాడు, ముక్కు విరిగిన హంసకు పాతగుడ్డతో మొహం తుడిచాడు. పొట్టి మనిషి. ఎండకు మెడ వెనక చర్మం గీతలు పడి నల్లబడింది. నారింజరంగు తేలే జాకెట్టు ఇంటి దగ్గరే తొడుక్కుని వచ్చేవాడు, మళ్ళీ ఇంటికెళ్ళాకే విప్పేవాడు. దాంతోనే పుట్టాడని చేపల బజారు ఆడవాళ్ళు ఏడిపించేవారు.

మా బరంగాయ్ పంచాయతీ పెట్టిన సరస్సు కాపలాదారు ఆయన. ఆ రోజుతో ఉద్యోగం సరి. మేనమామ ఎన్నికల్లో గెలిచిన ఏడు దొరికిన పని అది. వద్దనడానికి అప్పట్లో ఇంట్లో బియ్యం లేవు. పడవ కట్టు విప్పిన దగ్గర్నుంచి అది తిరిగొచ్చేదాకా సెతో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే ఉండేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషీ నీళ్ళపాలు కాలేదు. ఈ ఒక్క పూటా గండం గడిస్తే చాలు, ఇక ఈ సరస్సు మొహం చూడనని పొద్దున్నే మేరీమాతకు మొక్కుకుని వచ్చాడు.

ఆయనకి ఇంకో భయం కూడా ఉంది. ఊరిపెద్ద కపితానా ఫ్లోర్డెలిసా ఆయన్ని ఇంకో ఏడాది ఉంచేద్దామని చూస్తోందట. ఆవిడ అడిగితే కాదనడం మా ఊళ్ళో ఎవరి తరమూ కాదు. గద్దించి అడిగితే ఎదురు చెప్పొచ్చు. ఆవిడ భుజమ్మీద చెయ్యేసి అడుగుతుంది.

మధ్యాహ్నం పంచాయతీ హాల్లో సమావేశం పెట్టి, ఉడికించిన అరటిపళ్ళు పంచారు. తిరునాళ్ళకొచ్చే జనం కోసం పడవలు ఐదున్నరకు ఆపకుండా ఆరున్నరదాకా తిప్పుదామంది కపితానా. ఏమంటావని సెతోని అడిగారు. నోరు తెరిస్తే, నీ అంత తెలిసినవాడు ఇంకెవడు, ఉండిపో అంటారని బెదిరి తలూపి ఊరుకున్నాడు. అందరూ చేతులెత్తారు. ఆ సాయంత్రం నుంచే అమలన్నారు.

ఆరింటికి చర్చి గంట మోగితే ఎక్కడివాళ్ళక్కడ ఆగి ప్రార్థన చేసుకోవడం ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ పుట్టుకతో వచ్చిన అలవాటు. అయినా ఆ వేళకి నీళ్ళమీద ఉన్నవాళ్ళు ఏం చేస్తారన్నది ఒక్క బుర్రకీ తట్టలేదు.

ఆరయింది, గంట మోగింది. ఒడ్డున మొక్కజొన్న కాల్చే మనిషి విసరడం ఆపేసింది. రోడ్డుమీద ట్రైసికిళ్ళు ఆగాయి. సరస్సు నడుమ ఒక్క హంసే మిగిలింది. అందులో ఉన్న బసిలియా అవ్వ, కూతురు, అల్లుడు సిలువ గీసుకుని, తొక్కడం మానేసి తలలు వంచారు. గాలి మాత్రం ఏ ప్రార్థనా చెయ్యలేదు. హంసను తిన్నగా చేపలు పెంచే పంజరాల వైపు తోసుకుపోయింది. అక్కడన్నీ వెదురు గుంజలు, వాటికి వలలు. తగులుకుంటే ఆ తేలిక పడవ బోర్లాపడుతుంది.

ప్రార్థన మధ్యలో కేకెయ్యడం మా ఊళ్ళో ఎరగం. సెతో వేశాడు. ఎవరూ తలెత్తలేదు. ఇక తెడ్డు పడవలోకి దూకాడు. ఎక్కడా తెడ్డు ఆపలేదు. చేరేసరికి హంస తోక వలలో చిక్కి, పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. కూతురూ అల్లుడూ గుంజ పట్టుకుని బిక్కచచ్చిపోయారు. అవ్వ ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఆమెన్ కూడా అననియ్యవేంటయ్యా?" అని కసిరింది.

"ఒడ్డుకెళ్ళి అందురుగాని అమ్మా," అన్నాడు సెతో, చాకుతో వల కోస్తూ.

తాడు కట్టి లాక్కొచ్చేసరికి ఒడ్డంతా జనం. వేళ పెంచింది తనే కాబట్టి కపితానా మొహంలో నెత్తుటి చుక్క లేదు. సెతోని చెయ్యిచ్చి పైకి లాగి, భుజమ్మీద చెయ్యేసింది.

"మీరు లేకపోతే ఈవేళ ఏమయ్యేది మాంగ్ సెతో? ఇంకొక్క ఏడాది ఉండండి. నా మాట తీసెయ్యకండి."

ఊరంతా చూస్తోంది. సెతో తల దించుకున్నాడు.

"నాకు ఈత రాదు కపితానా."

"ఏంటీ?"

"రాదు. పని ఇచ్చినప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ రోజూ చచ్చి బతికాను. నన్నొదిలెయ్యి తల్లీ."

ముందు నవ్వింది అవ్వే. తర్వాత ఎవరూ ఆగలేదు. కపితానా మాత్రం నవ్వలేదు. ఆయన తడిచెయ్యి అందుకుని, ఇంట్లో పెద్దవాళ్ళకు చేసినట్టు నుదుటికి ఆనించుకుంది. రేపట్నుంచి మళ్ళీ ఐదున్నరకే ఆపాలని అక్కడే అందరికీ చెప్పి, ఆయన్ని ఇంటికెళ్ళమంది.

అమ్మయ్య! సెతోకి ఒళ్ళు తేలికపడింది, వెంటనే కరకరా ఆకలేసింది. పడవలు నీళ్ళమీదున్నంతసేపూ ఏనాడూ ఆయనకు ముద్ద దిగేది కాదు. అవ్వ తన బుట్టలోంచి అరిటాకు పొట్లం తీసి కట్టమీద విప్పింది. అన్నం, పులుపులో మగ్గిన కోడికూర. జాకెట్టు విప్పి పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుని, సరస్సుకి వీపు పెట్టి తీరిగ్గా తిన్నాడు. చెయ్యి మాత్రం రోడ్డు పక్క కొళాయి దగ్గర కడుక్కుని, అట్నుంచటే ఇంటిదారి పట్టాడు.

కట్టమీద జాకెట్టు పక్కన ఆయన తిన్న అరిటాకు మిగిలింది, మీద ఒక్క మెతుకైనా లేకుండా, కాస్త నూనె తడితో.